సమాధులు తొలగించబడిన చిత్రము: టారో తురుపు ముక్కల చరిత్రలో ఒక సంఘకాపరి పొరపాటు

ఉపోద్ఘాతము

కొంతకాలము క్రిందట ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక యౌవనురాలు తన సెల్‌ఫోనులో ఒక బొమ్మను మాకు చూపించినది. మేఘములలో ఒక దూత బూర ఊదుచున్నాడు. క్రింద సమాధులు తెరువబడి స్త్రీ పురుషులు, పిల్లలు చేతులెత్తి లేచుచున్నారు. "అయ్యగారూ, ఇది మన బైబిలులో ఉన్నదే కదా! మరి దీన్ని బట్టి జోస్యం చెప్పించుకుంటే తప్పెందుకవుతుంది?" అని ఆమె అడిగినది. అది టారో కట్టలోని "తీర్పు" అను ముక్క. మేము ఆమె ప్రశ్నకు సరియైన జవాబు చెప్పలేదు. "అమ్మా, అది ఐగుప్తు మంత్రగాళ్ళు చేసింది, సాతానుది, వెంటనే తీసెయ్యి" అని మాత్రము అన్నాము. ఆమె తల వంచుకొని వెళ్ళిపోయినది.

ఆ తరువాత ఈ ముక్కల చరిత్రను చదువగా, ఐగుప్తును గూర్చి మేము చెప్పిన మాట అబద్ధమని తెలిసినది. అంతకంటె మమ్మును కలవరపరచిన సంగతి మరియొకటి కలదు. ఆ అబద్ధమును మొదట అచ్చు వేయించినవాడు మంత్రగాడు కాడు. అతడు మనవంటి ప్రొటెస్టెంటు సంఘకాపరి, సెమినరీలో బోధించిన పండితుడు. ఈ వ్యాసములో మనము టారో తురుపు ముక్కల చిత్రములకు మొదట ఉన్న అర్థమేమిటో, అది ఎట్లు మార్చబడెనో, ఆ మార్పు వాక్యపరిచర్య చేయు మనకు ఏమి నేర్పుచున్నదో పరిశీలించెదము.

1. ఆటకొరకు పుట్టిన ముక్కలు

పేకముక్కలు ఐరోపాకు ఇస్లాము దేశముల నుండి వచ్చినవి. ఐగుప్తు, సిరియాలను ఏలిన మమ్లూకు సుల్తానుల కాలపు కట్టలో కప్పులు, నాణెములు, ఖడ్గములు, పోలో ఆట కర్రలు అను నాలుగు రంగులు ఉండెడివి. ఇట్టి కట్ట ఒకటి ఇస్తాంబులులోని తోప్‌కాపి రాజభవనములో నేటికిని కలదు. 1377 నాటికి ఈ ఆట ఇటలీలోని ఫ్లోరెన్సులో ఎంతగా వ్యాపించినదనగా, ఆ నగర పాలకులు దానిని నిషేధింపవలసి వచ్చినది. అయితే ఆ నాటి కట్టలలో నేడు మనము టారో అని పిలుచు చిత్రములు లేవు.

ఆ చిత్రములు సుమారు అరువది సంవత్సరముల తరువాత ఉత్తర ఇటలీలో చేర్చబడినవి. వాటిని గూర్చిన వ్రాతపూర్వక సాక్ష్యములు 1440లో ఫ్లోరెన్సు నుండియు, 1442లో ఫెరారా ప్రభువుల లెక్కల పుస్తకముల నుండియు లభించుచున్నవి. మామూలు కట్టలో రంగుకు 14 చొప్పున 56 ముక్కలుండగా, వాటికి 22 చిత్రముల ముక్కలు చేర్చి 78 చేసిరి. ఈ 22లో "వెఱ్ఱివాడు" అనునది వేరుగా ఉండును. మిగిలిన 21 మామూలు ముక్కలనన్నిటిని కొట్టగలవు. వాటిలో పెద్దది చిన్నదానిని కొట్టును. మన యిండ్లలో పేకాడువారు "తురుపు" అని దేనిని పిలుతురో, ఇవి అవే. ఇటలీవారు వీటిని "త్రియోన్ఫి", అనగా విజయములు, అని పిలిచిరి. ఆంగ్లములో తురుపుకు వాడు పదము కూడ దీనినుండి పుట్టినదే.

మిలాను ప్రభువులైన విస్కోంతి, స్ఫోర్జా కుటుంబములకొరకు 15వ శతాబ్దపు మధ్యకాలమున బంగారు రేకు అద్ది చిత్రించిన ఒక కట్టలో 74 ముక్కలు ఇంకను మిగిలియున్నవి. వాటిలో కొన్ని న్యూయార్కులోని మోర్గాన్ గ్రంథాలయములోను, కొన్ని ఇటలీలోని బెర్గామోలోను ఉన్నవి. అవి మంత్రగాళ్ళ గుహలలో పుట్టినవి కావు. క్రైస్తవ ప్రభువుల యింట, క్రైస్తవ చిత్రకారుల చేత, పొద్దుపుచ్చుటకు చేయబడినవి.

2. విజయయాత్ర క్రమము

ఈ చిత్రములను ఆ క్రమములో ఎందుకు అమర్చిరి? నాటి ఇటలీలో "విజయము" అనగా ఊరేగింపు. కవి పెట్రార్కు 14వ శతాబ్దములో వ్రాసిన "విజయములు" అను కావ్యములో ఆరు ఊరేగింపులు ఒకదాని వెంట ఒకటి వచ్చును. ప్రేమను పవిత్రత జయించును. పవిత్రతను మరణము, మరణమును కీర్తి, కీర్తిని కాలము, కాలమును నిత్యత్వము జయించును. 1966లో గెర్ట్రూడ్ మోక్లీ అను అమెరికా గ్రంథాలయాధికారిణి తురుపు ముక్కలను ఇట్టి ఊరేగింపుతో పోల్చి వివరించినది. ఆమె చెప్పినదంతయు అందరును అంగీకరించరు గాని, ఒకటి నొకటి జయించుచు పైకి పోవు క్రమము ఈ ముక్కలలో ఉన్నదనుట స్పష్టము.

ఆ క్రమమును మూడు మెట్లుగా చూడవచ్చును. మొదటి మెట్టులో మనుష్యులున్నారు: వీధి గారడీవాడు, చక్రవర్తిని, చక్రవర్తి, స్త్రీ పోపు, పోపు. రెండవ మెట్టులో ఆ మనుష్యుల బ్రతుకును ఏలునవి ఉన్నవి: ప్రేమ, విజయరథము, ధైర్యము, ఇంద్రియనిగ్రహము వంటి సుగుణములు, అదృష్టచక్రము, వృద్ధుడు, తలక్రిందులుగా వ్రేలాడు ద్రోహి, చివరకు 13వ స్థానములో మరణము. ఊరును బట్టి కొన్ని ముక్కల వరుస మారినను, మరణము సాధారణముగా 13వ స్థానము విడువలేదు. పోపైనను చక్రవర్తియైనను మరణమునకు లోబడవలసినదే. 1348 నాటి గొప్ప తెగులును తమ తాతల నోట విన్న ప్రజలకు దీనిని వివరింపనక్కర లేదు.

అయితే మరణము చివరి ముక్క కాదు. మూడవ మెట్టు దాని తరువాత మొదలగును: సాతాను, ఆకాశము నుండి పడు అగ్ని, నక్షత్రము, చంద్రుడు, సూర్యుడు, బూర ఊదు దూత, లోకము. చీకటి నుండి అంతకంతకు గొప్ప వెలుగులోనికి, అటుపిమ్మట పునరుత్థానములోనికి ఈ క్రమము నడచుచున్నది. బొలోన్యా నగరములో అన్నిటికంటె పెద్ద తురుపు ఆ దూతయే. అక్కడి ఆటగాడు మరణమును కొట్టవలెనన్న, బూర ఊదు దూతను వేసిన చాలును. 1 కొరింథీయులకు 15వ అధ్యాయమును ఎరిగినవారికి ఈ వరుస క్రొత్తది కాదు.

ఇంకొక సాక్ష్యము మరింత ఆసక్తికరమైనది. 15వ శతాబ్దపు చివరి భాగమునకు లేక 1500 ప్రాంతమునకు చెందిన ఒక లాటిను ప్రసంగ ప్రతిలో తురుపు ముక్కల పట్టిక కలదు. రాబర్ట్ స్టీల్ దీనిని 1900లో వెలుగులోనికి తెచ్చెను. ఆ పట్టికలో దూత 19వది, న్యాయము 20వది, లోకము 21వది. "లోకము" పేరు ప్రక్కన, ఇది తండ్రియైన దేవుడు అని ఆ ప్రసంగీకుడు వివరణ వ్రాశాడు. అనగా మృతుల పునరుత్థానము, తరువాత న్యాయతీర్పు, తరువాత దేవుడు. మన విశ్వాసప్రమాణములలోని కడవరి సంగతుల క్రమమే అక్కడ ఆటముక్కలమీద ఉన్నది.

3. చరిత్ర తెలియనిచో చిత్రము మాటలాడదు

కొన్ని చిత్రములు నేడు వింతగా కనబడుటకు కారణము వాటిలో రహస్యముండుట కాదు. వాటి కాలమును మనము మరచిపోవుటయే. నాలుగింటిని చూతము.

తలక్రిందుల మనుష్యుడు: ఇటలీవారు ఇతనిని "ద్రోహి" అని కూడ పిలిచిరి. పట్టణమునకు ద్రోహము చేసి పారిపోయినవారి బొమ్మలను, కాలు పైకి కట్టి తలక్రిందులుగా వ్రేలాడదీసినట్లు బహిరంగ గోడలమీద వ్రాయించుట నాటి ఇటలీ నగరములలో ఒక శిక్ష. 1440లో ఫ్లోరెన్సులో ఆంద్రేయా దెల్ కస్తాన్యో అను చిత్రకారుడు ఇట్టి బొమ్మలను వేసినందున "ఉరితీయబడినవారి ఆంద్రేయా" అని పేరు పొందెను. నాటి ఆటగానికి ఆ ముక్క మర్మము కాదు. వీధిలో చూచిన బొమ్మ.

వృద్ధుడు: ప్రాచీనమైన మిలాను కట్టలో ఇతని చేతిలో ఇసుక గడియారము ఉన్నది. అనగా ఇతడు కాలము. తరువాతి ముద్రణలలో ఆ గడియారము స్థానములో లాంతరు వచ్చి, కాలము కాస్తా "సన్న్యాసి" అయినది.

అదృష్టచక్రము: 6వ శతాబ్దములో చెరసాలలో నుండి బోయేథియుసు వ్రాసిన గ్రంథము ద్వారా ఈ బొమ్మ మధ్యయుగమంతట ప్రసిద్ధి పొందెను. ఒకడు పైకెక్కును, ఒకడు పైన కూర్చుండును, ఒకడు క్రిందికి పడును, ఒకడు అడుగున నలుగును. ఇది రేపటిని చెప్పుటకు కాదు, నేటి గర్వమును అణచుటకు ఉద్దేశింపబడినది.

స్త్రీ పోపు: దీనిమీద పండితులలో ఏకాభిప్రాయము లేదు. 1300లో మిలానులో ఒక చిన్న గుంపు మాయిఫ్రేదా అను స్త్రీ పోపు కావలెనని నమ్మగా, ఆమెను కాల్చి చంపిరి. ఈమె విస్కోంతి వంశమునకు బంధువు గనుక ఆమెయే ఈ ముక్కలోనున్నదని మోక్లీ తలంచినది. మరికొందరు, సంఘమునో విశ్వాసమునో స్త్రీరూపములో చూపుట నాటి వాడుక అందురు. పాదువాలో జొత్తో చిత్రించిన "విశ్వాసము" అను స్త్రీమూర్తి చేత సిలువ ధరించియున్నది. సాక్ష్యము ఇంతవరకే ఉన్నచోట మనము కూడ ఇంతవరకే నిలిచిపోవుట మేలు.

4. నాటి సంఘము దేనికి అభ్యంతరపడినది?

సంఘనాయకులు ఈ ముక్కలను ఎదిరించిరి, నిజమే. అయితే ఎందుకు? 1423లో సియెన్నా బెర్నర్దీనో బొలోన్యాలో పేకాటకు వ్యతిరేకముగా ప్రసంగించినది జూదమును బట్టి. పైన చెప్పిన లాటిను ప్రసంగీకుడు కూడ 21 తురుపులను నరకమునకు దింపు నిచ్చెన మెట్లతో పోల్చినది జూదమును బట్టియే. దేవుని, దూతలను, సుగుణములను, పోపును జూదగాండ్ర చేతిముక్కలుగా చేయుట అతనికి దుస్సహముగా తోచినది. స్త్రీ పోపు బొమ్మ క్రైస్తవ విశ్వాసమునకు విరుద్ధమని కూడ అతడు అభ్యంతరపడెను. ఇంత కఠినముగా మాటలాడినవాడు ఈ ముక్కలతో సోదె చెప్పుదురని ఒక్క మాటయు అనలేదు. ఆ వాడుక అతనికి తెలిసియుండిన ఊరకుండునా?

1725లో సహితము బొలోన్యాలోని పోపు ప్రతినిధి అభ్యంతరపడినది మంత్రమును గూర్చి కాదు. ఒక కొత్త కట్టలోని రాజకీయ వ్రాతలు వివాదమైనప్పుడు, పోపు, స్త్రీ పోపు, చక్రవర్తి, చక్రవర్తిని బొమ్మలను తీసివేసి వాటి స్థానములో నలుగురు మూరులను వేయుడని ఆజ్ఞ వచ్చినది. నేటికిని బొలోన్యా కట్టలో ఆ మూరులే ఉన్నారు. 18వ శతాబ్దపు మధ్యకాలమున బొలోన్యాలో కొందరు టారో ముక్కలతో జోస్యము చెప్పిరనుటకు ఒక చిన్న పట్టిక సాక్ష్యముగా ఉన్నది. అంతకు పూర్వము, అనగా ఇంచుమించు మూడు వందల సంవత్సరములు, ఇది ప్రధానముగా ఆటయే. ఫ్రాన్సు, ఆస్ట్రియా, ఇటలీలలో ఈనాటికిని దీనిని ఆటగా ఆడువారు అనేకులు.

5. ఒక సంఘకాపరి పావుగంట

ఇప్పుడు మన వ్యాసములోని ముఖ్యవ్యక్తి యొద్దకు వచ్చెదము. 1685లో ఫ్రాన్సు రాజు ప్రొటెస్టెంటుల స్వేచ్ఛను రద్దు చేసిన తరువాత, చెదిరిన సంఘములను అరణ్యములలోను కొండలలోను తిరిగి కూర్చిన భక్తుడు ఆంత్వాన్ కూర్. 1715లో అతడు రహస్యముగా మొదటి సినడును సమకూర్చెను. తరువాత స్విట్జర్లాండులోని లొసాన్ నగరములో కాపరులను తర్ఫీదు చేయు సెమినరీ స్థాపనకు కారకుడాయెను. అక్కడ చదివి ఫ్రాన్సుకు తిరిగి వెళ్ళిన వారిలో కొందరు పట్టుబడి ఉరితీయబడిరి. సంఘచరిత్రలో ఇది కన్నీటితో చదువవలసిన అధ్యాయము.

అతని కుమారుడే ఆంత్వాన్ కూర్ ద జెబ్లాన్. తండ్రి సెమినరీలో చదివి, పాదిరిగా అభిషేకము పొంది, అక్కడనే బోధించెను. 1762లో తులూజ్ నగరములో ప్రొటెస్టెంటుయైన జాన్ కలాస్ అన్యాయముగా చంపబడినప్పుడు, ఇతడు హింసింపబడువారి పక్షమున 1763లో లేఖలు ప్రచురించెను. ఇతడు ధైర్యశాలి, బహుభాషా పండితుడు. ఇతనిని చులకనగా చూచుటకు మనకు అర్హత లేదు.

అయితే పారిసులో స్థిరపడిన తరువాత ఇతని మనస్సు మరియొక దిక్కునకు తిరిగెను. లోకములోని భాషలు, పురాణములన్నియు ఒకే ఆదిమ జ్ఞానము నుండి పుట్టినవనియు, వాటిని సరిగా విప్పిన యెడల ఆ జ్ఞానము తిరిగి దొరుకుననియు అతడు నమ్మెను. 1773 నుండి "ఆదిమ లోకము" అను పేరిట సంపుటములు వెలువరించుచు, 1781లో వచ్చిన 8వ సంపుటములో టారోను గూర్చి వ్రాసెను. ఒక స్త్రీ ఇంట ఈ ఆట ఆడుచుండగా చూచితిననియు, పావుగంటలో ముక్కలన్నిటిని వివరించి ఇది ఐగుప్తు యాజకుల గ్రంథమని ప్రకటించితిననియు అతడే చెప్పుకొనెను. ఆ కాలమున ఐగుప్తు చిత్రలిపిని చదువగలవాడు లోకములో ఒక్కడును లేడు. షాంపోలియన్ దానిని విప్పినది 1822లో. కనుక ఐగుప్తు పేరిట ఏమి చెప్పినను కాదనగలవారు నాడు లేకపోయిరి.

ఆ పావుగంటలో ఏమి జరిగెను? పోపు ఐగుప్తు ప్రధానయాజకుడాయెను, స్త్రీ పోపు యాజకురాలాయెను, రథములోని వీరుడు ఒసిరిసు ఆయెను, సాతాను తైఫోను ఆయెను. సుగుణములలో వివేకము కనబడనందున, తలక్రిందుల మనుష్యుని తిప్పి నిలువబెట్టి, ఒంటికాలిమీద జాగ్రత్తగా నిలిచిన వివేకము ఇదియే, ముద్రించినవారు పొరబడి తలక్రిందులు చేసిరి అనెను. ద్రోహిని వివేకిగా మార్చివేసెను! తన సిద్ధాంతమునకు చిత్రము ఒప్పుకొననప్పుడు సిద్ధాంతమును కాక చిత్రమునే దిద్దెను.

ఇక బూర ఊదు దూత మాటేమి? దీనిని కడవరి తీర్పు అనుట ముద్రించినవారి అజ్ఞానమనియు, ఆ సమాధులను తొలగించిన యెడల ఇది మనుష్యుల సృష్టిని చూపు చిత్రమే యగుననియు అతడు వ్రాసెను. ప్రియ సహపరిచారకులారా, ఈ మాట దగ్గర మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి. అరణ్య సంఘపు హతసాక్షుల సమాధుల నడుమ పెరిగిన కాపరి, పునరుత్థాన చిత్రము నుండి సమాధులను తొలగింపుమని చెప్పుచున్నాడు. సమాధులు లేకపోయిన లేచుట ఎక్కడిది?

6. ఆ విత్తనము ఫలించిన విధము

అదే సంపుటములో మెల్లే ప్రభువు అనువాడు 22 తురుపులను 22 హెబ్రీ అక్షరములకు ముడిపెట్టి, జోస్యమునకు వాడు రీతిని గూర్చి వ్రాసెను. 1780లలోనే "ఎత్తెయ్యా" అను పేరు పెట్టుకొనిన ఆలియెట్ దీనిని వ్యాపారముగా మార్చెను. 1850లలో ఎలిఫాస్ లేవీ హెబ్రీ అక్షరముల సిద్ధాంతమును యూదుల కబ్బాలాతో కలిపి బలపరచెను. ఇతడును క్యాథలిక్కు సెమినరీలో చదివి యాజకాభిషేకమునకు ముందే విడిచినవాడు. 1888లో లండనులో ఏర్పడిన "గోల్డెన్ డాన్" అను రహస్య సమాజము నుండి వచ్చిన ఎ. ఇ. వెయిట్ ఉద్దేశముల ప్రకారము, పమేలా కోల్మన్ స్మిత్ గీసిన కట్ట 1909లో వెలువడెను. నేడు మన పిల్లల సెల్‌ఫోనులలో కనబడు బొమ్మలు చాలామట్టుకు ఇవే. వెయిట్ సమాధులను తిరిగి చిత్రములోనికి తెచ్చినను, పునరుత్థానమును మనుష్యుని అంతరంగములో జరుగు మార్పుగా వివరించెను. సమాధులున్నవి గాని శరీర పునరుత్థానము లేదు.

ఈ గొలుసును తేటపరచినవారిలో ముఖ్యుడు ఆక్స్‌ఫర్డు తర్కశాస్త్ర ఆచార్యుడు మైకేల్ డమ్మెట్. అతడు భక్తిగల క్యాథలిక్కు క్రైస్తవుడు. 1980లో ప్రచురించిన తన గ్రంథములో, టారో మొదట ఆటయని, దాని మంత్రార్థము 18వ శతాబ్దపు ఫ్రాన్సులో అల్లబడినదని సాక్ష్యములతో చూపించెను.

7. మనకు మూడు పాఠములు

మొదటిది, సత్యము పలుకుట. "ఇది ఐగుప్తు మంత్రగాళ్ళది" అని మనము ప్రసంగవేదిక నుండి చెప్పినప్పుడు, టారోను ఖండించుచున్నామని అనుకొందుము. నిజమునకు కూర్ ద జెబ్లాన్ కల్పించిన కథనే మనము ప్రకటించుచున్నాము. జోస్యము చెప్పువారు తమ సరకునకు వేసికొను ప్రాచీనత ముద్రను మన చేతులతో మనమే వేయుచున్నాము. తొమ్మిదవ ఆజ్ఞ పేకముక్కల విషయములో కూడ మనలను బంధించును.

రెండవది, వాక్యమును విప్పు విధానము. ఆ పావుగంట మన అధ్యయనగదిలో లేదా? ప్రత్యక్షగుడారపు ప్రతి మేకునకు, ప్రతి రంగునకు, ప్రతి అంకెకు గూఢార్థము చెప్పి సభను ఆశ్చర్యపరచుట మనకు సులభము. ఆ వచనము ఎవరికి, ఎప్పుడు, ఎందుకు వ్రాయబడినదని అడుగుట కష్టము. వచనము మన తలంపునకు ఒప్పుకొననప్పుడు తలంపును మార్చుకొందుమా, లేక ద్రోహిని తలక్రిందులు చేసినట్లు వచనమునే తిప్పెదమా? పాండిత్యమును, ధైర్యమును, హతసాక్షుల వారసత్వమును గల కాపరి ఈ ఉచ్చులో పడెను. మనము పడమని ఎట్లు చెప్పగలము?

మూడవది, సోదెను నిరాకరించుటకు సరియైన కారణము. ముక్కలు ఆటకొరకు పుట్టినవి గనుక జోస్యము నిర్దోషమని కొందరనవచ్చును. అది సరికాదు. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము సోదెను నిషేధించునప్పుడు పనిముట్టు ఎక్కడ పుట్టెనని అడుగలేదు. దేవుడు తన ప్రజలతో ప్రవక్త ద్వారా మాటలాడుదునని అక్కడనే వాగ్దానము చేసెను. ఆ మాట చాలదని మరొకచోటికి పోవుటయే పాపము. చిలుక తీసిన ముక్కయైనను, ఇటలీ చిత్రకారుడు వేసిన ముక్కయైనను ఈ విషయములో ఒక్కటే. అపొస్తలుల కార్యములు 16లో ఫిలిప్పీలోని చిన్నది చెప్పిన మాటలు నిజమైనవే. అయినను పౌలు ఆ ఆత్మను వెళ్ళగొట్టెను.

ముగింపు

మేము ఆ యౌవనురాలి యింటికి వెళ్ళి, మొదట మా తప్పు ఒప్పుకొంటిమి. ఆమె తల్లి టీ తెచ్చి ప్రక్కన కూర్చున్నది. కుదిరిన పెండ్లి సంబంధము తప్పిపోయినదనియు, ఈ ముక్క వచ్చినందున అది తిరిగి లేచునని ఫోనులో ఎవరో చెప్పిరనియు అప్పుడు తెలిసినది. ఆమె వచ్చి అడిగిన దినమున మేము ఈ సంగతి తెలిసికొనకయే బొమ్మను తీసెయ్యమంటిమి.

ఆ బొమ్మకు ఆరువందల యేండ్ల నాడు ఉన్న అర్థమును ఆమెకు వివరించితిమి. "అయితే అయ్యగారూ, ఈ బొమ్మ మంచిదేనా?" అని ఆమె అడిగినది. "అమ్మా, ఆ బొమ్మ చెప్పేది నిజమే. కానీ నీ పెళ్ళి సంగతి దానికి తెలియదు. బూర మ్రోగే దినం ఒకటున్నదని మాత్రమే అది చెప్తుంది. ఆ దినం ఎవరి చేతిలో ఉన్నదో, నీ రేపు కూడా ఆయన చేతిలోనే ఉంది" అని చెప్పి, ఆమెతోను ఆమె తల్లితోను ప్రార్థించి వచ్చితిమి.

భయముతో రేపటిని అడుగవచ్చు ప్రతివానికి సంఘము ఇయ్యగలది ఇదియే. మరణము 13వ ముక్కయే గాని చివరిది కాదు. ఆ సంగతిని ప్రకటించుటకు పిలువబడిన మనము చిత్రములో నుండి గాని, ప్రసంగములో నుండి గాని సమాధులను తొలగింపకుందుము గాక.